పురి తిరిగిన నాలుగు కర్రలు

వంకర కర్ర కనబడితే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. కుళ్ళిన కర్ర మీద ఇంత కోపం లేదు. అది కుళ్ళిపోయానని వాసనతోనే చెప్పేస్తుంది. పురి తిరిగే కర్ర అలా కాదు. కట్టలో ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా పడి ఉంటుంది. కట్ట విప్పి, నిలబెట్టి, పైన బోర్డు బిగించి, రంగు వేసి, నలుగురినీ భోజనానికి పిలిచాక అప్పుడు ఒళ్ళు విరుచుకుంటుంది. వడ్రంగుల ఇంట పుట్టినా నాకీ సంగతి తెలియదు. సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ మా హాల్లో ఒక గోడ పెట్టబోయి తెలుసుకున్నాను.

మా నాన్న వడ్రంగి. నా చేతికి ఉలి ఇవ్వలేదు, పుస్తకం ఇచ్చాడు. ఆ పుస్తకం పుణ్యమా అని, రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజుల్లో, ఆ భయం మీద బతికే వందలమందిలో నేనూ ఒకణ్ణయ్యాను. టాంపినీస్‌లో పాత ఫ్లాట్ ఒకటి కొన్నాను. నడుముకు ఫోను తగిలించుకుని తిరిగేవాణ్ణి. ఆదివారాలు తెలుగువాళ్ళం ఎవరింట్లోనో చేరితే ఒకటే కబుర్లు: ఎవరు ఏ కంపెనీకి మారారు, ఎవరు ఏ షేర్లు కొన్నారు. వాటిలో అందరికంటే గట్టిగా వినిపించే గొంతు నాదే.

అదే ఊళ్ళో మా బాబాయి ఉండేవాడు. నాన్నకు సొంత తమ్ముడు. మా వైపు రెడీమేడ్ తలుపులు వచ్చాక ఆయన చేతికి పని పోయింది. ఏజెంటును పట్టుకుని వర్క్ పర్మిట్ మీద సింగపూర్ వచ్చి, సెంబవాంగ్ అవతల కూలీల డార్మిటరీలో ఉండేవాడు. పేరుకు కార్పెంటరే. ఆరేళ్ళుగా చేసింది మాత్రం కాంక్రీటు పోయడానికి గరుకు బల్లలు కొట్టడం, కాంక్రీటు గట్టిపడ్డాక ఊడబీకడం. చిత్రిక పట్టి ఆరేళ్ళయిందిరా అనేవాడు నన్ను చూసినప్పుడల్లా. నేను ఆయన్ని చూసేది తక్కువ. డార్మిటరీలో ఉండే బాబాయి ఉన్నాడని మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుపడను.

ఆ ఏడాది ఆయన కంపెనీ పని అయిపోవచ్చింది. మూడు నెలల్లో అందర్నీ ఇంటికి పంపేస్తామన్నారు. సరిగ్గా అప్పుడే మా సీనియర్ వాళ్ళ అన్నగారొకాయన, ఆఫీసుల లోపలి పనులు చేయించే కాంట్రాక్టరు, మంచి మేస్త్రీ కోసం వెతుకుతున్నాడు. హైదరాబాదీ ముస్లిం. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్ళం. వారానికో కొత్త ఆఫీసు తెరుస్తున్న రోజులవి, ఆయనకు ఊపిరాడే తీరిక లేదు. ఎవరి గురించో చెప్పినట్టుగా బాబాయి గురించి చెప్పాను.

"మాటలు నాకొద్దు మియా," అన్నాడు భాయ్. "ఆయన చేసిన పని ఏదన్న ఉంటే చూపించు. కంటితోని చూసి తీస్కుంట."

చూపించడానికి బాబాయి పని ఏది? పోసిన కాంక్రీటు లోపల ఆయన చెయ్యి ఎవరికీ కనబడదు కదా. అప్పుడు నాకు మా హాలు గుర్తొచ్చింది. నా భార్యకు అప్పుడు ఆరో నెల. పురుటికి మా అత్తగారు వస్తున్నారు. రెండో గది అద్దెకిచ్చి ఉంది. హాల్లో మూడో వంతుకు చెక్కగోడ ఒకటి పెట్టి తలుపు బిగిస్తే ఆవిడకు గది అవుతుంది. ఆ గోడను బాబాయి కట్టాలి, సీమంతానికి వచ్చినప్పుడు భాయ్ దాన్ని చూడాలి. బాబాయికి ఫోన్‌లో చెప్పాను.

"లోపలి పనా?" అన్నాడు. "తలుపు కూడానా? వస్తాన్రా అబ్బాయ్. ఆదివారం పొద్దున్నే వచ్చేస్తాను."

ఇక్కడ మా అత్తగారు అడ్డం పడ్డారు, ఫోన్‌లోనే. ఏడో నెల పడ్డాక కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో సుత్తి చప్పుడు వినపడకూడదు, మొగుడు మేకు ముట్టకూడదు, కొయ్య కోయకూడదు. ఏడో నెల పడేది మంగళవారం. అంటే ఉన్నది ఒక్క ఆదివారం. బాబాయికి సెలవున్నదీ ఆ ఒక్కరోజే. కర్రలు ముందుగా తెచ్చి రెండు వారాలు ఇంట్లో ఆరనివ్వాలని బాబాయి చెబుతూనే ఉన్నాడు. వారాలెక్కడున్నాయి? శుక్రవారం ఆఫీసు నుంచే ఒక చెక్కల గోడౌనుకు ఫోన్ చేసి, కొలతలు చెప్పి, ఇంటికి పంపమన్నాను. కళ్ళతో చూడకుండా కర్ర కొన్న మొదటివాణ్ణి మా వంశంలో నేనే. దుమ్ము పడదని నా భార్యను వారం రోజులకు స్నేహితురాలి ఇంటికి పంపాను.

శనివారం వానలో లారీ వచ్చింది. పద్నాలుగు కర్రలను కింద దింపి పోయారు. పట్టుకుంటే చేతికి తడి. ఒక్కొక్కటీ తడిసిన దూడంత బరువు. లిఫ్టులో ఏటవాలుగా పెట్టి పైకి తెచ్చేసరికి నా చొక్కా అంతా ఎర్రటి నీళ్ళు.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా బాబాయి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సంచిలోంచి చిత్రిక, రసమట్టం, మూలమట్టం తీసి పాత తుండుగుడ్డ మీద వరసగా పేర్చాడు. తర్వాత కర్రలవైపు తిరిగాడు. మొదటి కర్ర ఒక కొస నేల మీద ఆనించి, రెండో కొస ముక్కు దగ్గర పెట్టుకుని, ఎడమ కన్ను మూసి పొడవునా చూశాడు. కింద పెట్టాడు. రెండోది చూశాడు. మూడోది చూసి నావైపు తిరిగాడు.

"ఎక్కడ తగలడ్డాయిరా ఇవి? నువ్వే ఏరి తెచ్చావా?"

"ఫోన్‌లో చెప్పాను బాబాయ్."

"ఫోన్‌లోనా!" అన్నాడు. "ఫోన్‌లో పిల్లని చూసినోడున్నాడు గానీ కర్రని చూసినోణ్ణి ఇప్పుడే చూస్తన్నాను."

పద్నాలుగింటినీ మూడు కుప్పలు చేశాడు. మొదటి కుప్పలో నాలుగే ఉన్నాయి, తిన్ననివి. రెండో కుప్పలో ఆరు. విల్లులా కాస్త వంగినవి. వంపు అన్నిటికీ ఒకే వైపు వచ్చేలా నిలబెడితే బోర్డు వేశాక సర్దుకుంటాయన్నాడు. మూడో కుప్పలో ఉన్న నాలుగింటినీ చూపించడానికి నన్ను పిలిచాడు. ఒకదాన్ని టైల్స్ మీద పరిచి కొస మీద వేలు పెట్టి నొక్కాడు. అవతలి కొస లేచింది. వదిలితే టక్కుమని పడింది. తడిగుడ్డను పిండినట్టు పురి తిరిగి ఉంది. ఒంటి మీద బంక కారుతోంది, ఒక పక్క బెరడు కూడా వదల్లేదు. డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్న చెత్త అది.

"వంగిందాన్ని ఒప్పించొచ్చు," అన్నాడు బాబాయి. "పురి తిరిగినదాన్ని బ్రహ్మదేవుడు కూడా ఒప్పించలేడు. ఈ నాలుగూ నేను పెట్టను."

మధ్యాహ్నానికి పది కర్రలు నిలబడ్డాయి. ఆ పని చూస్తుంటే నాకు నాన్న గుర్తొచ్చాడు. కర్ర కర్రకూ నిటారుగా ఉందో లేదో రసమట్టం ఆనించి చూడటం, వంపు ఎటుందో పెన్సిల్‌తో గీత పెట్టుకోవడం, మేకు తల చెక్కలో మునిగేదాకా చివరి దెబ్బ మెత్తగా వేయడం. సుత్తి చప్పుడుకు ఎదురింటి చైనీస్ ఆంటీ పరిగెత్తుకొచ్చింది. నా భార్య కడుపు ఆవిడకు తెలుసు.

"అయ్యో! ప్రెగ్నెంట్, కెనాట్ హ్యామర్ లా! బేబీ నాట్ గుడ్!"

మా లెక్క ప్రకారం మంగళవారందాకా గడువుందని చెప్పాను. ఆవిడ లెక్కలో తొమ్మిది నెలలూ కూడదట. తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయింది. బాబాయి నవ్వాడు.

సాయంత్రానికి పది కర్రల మీదా బోర్డు పడింది. తలుపుకు అటూ ఇటూ రెండు, వాటి పక్కన రెండు, నాలుగు కర్రల చోటు మాత్రం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

"దీన్నిలా వదిలెయ్," అన్నాడు బాబాయి చేతులు కడుక్కుంటూ. "మంచివి నేనే చూసి తెస్తాను. సుత్తి వద్దంటన్నారు కాబట్టి పురుడయ్యాక వచ్చి బిగిస్తాను. అందాకా ఓ చీర కట్టుకోండి అడ్డంగా."

"భాయ్ చూస్తాడు కదా బాబాయ్?"

"సగం పని చూడనియ్యరా. చేసినంతవరకు సుబ్బరంగా ఉందా లేదా? పని తెలిసినోడికి అది చాలు."

ఆ మాట విని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది. నాకు ఆ చీర మింగుడు పడలేదు. సీమంతానికి నలభై మంది వస్తారు. షేర్ల గురించి, కారు గురించి మాట్లాడే నేను హాల్లో చీర కట్టుకుని కూర్చోవాలా? ఆఫీసులో నెలల పని వారాల్లో చేసి చూపించే మొనగాణ్ణి, నాలుగు కర్రలు బిగించలేనా? గురువారం సెలవు పెట్టాను. అప్పటికి ఏడో నెల పడి రెండు రోజులు. మేకు కొట్టకూడదన్నారు గాని స్క్రూ బిగించకూడదని ఎవరూ అనలేదు కదా అని నాకు నేనే శాస్త్రం చెప్పుకున్నాను. కొత్త డ్రిల్లు కొనుక్కొచ్చాను.

ఆ నాలుగు కర్రలతో నేను పడ్డ కుస్తీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. కింద కొస బిగిస్తే పై కొస పక్కకు తిరుగుతుంది. పైది బిగిస్తే మధ్యలో పొట్ట పొడుచుకొస్తుంది. మోకాలితో అదిమి, తాడు కట్టి లాగి, బూతులు తిట్టి, ఒక్కో కర్రకు ఇరవై స్క్రూలు దించాను. తడి చెక్కలోకి స్క్రూ దిగుతుంటే పక్కల నుంచి నీరు బుడగలు కట్టింది. పైన బోర్డు పడ్డాక ఏమీ కనబడలేదు. కొని ఉంచిన తలుపు బిగించి మూసి చూశాను. పడింది. పెయింటు వేశాను. అద్దం ముందు నిలబడి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

శుక్రవారం నా భార్య ఇంటికొచ్చి గోడ చూసి మురిసిపోయింది.

"మొత్తం అయిపోయిందే! ఎప్పుడు చేశారు?"

"బాబాయి సోమవారం కూడా వచ్చి పూర్తి చేశాడు," అన్నాను. సోమవారం అంటే ఆరో నెలే.

"హమ్మయ్య," అంది. రెండేళ్ళ కిందట మాకు ఒక కడుపు నిలవలేదు. తనకు ఈ పట్టింపుల మీద నమ్మకం లేదని అనేది గాని, ఈసారి ఏ చిన్న మాటకైనా భయపడేది. శనివారం దిగిన అత్తగారికీ అదే చెప్పాను. బాబాయికి ఫోన్ చేసి, ఇక రానక్కర్లేదు, నేను చూసుకున్నాను అన్నాను. ఎలా చూసుకున్నావని ఆయన అడిగాడు. మీటింగుందని పెట్టేశాను.

ఉక్కపోతకు నా భార్య తట్టుకోలేక రాత్రీ పగలూ ఏసీ వేసేవాళ్ళం. ఆ చల్లగాలికి తడి కర్రలు ఆరడం మొదలైంది. వారానికి తలుపు కాస్త బిగిసింది. రెండో వారానికి భుజం ఆనించాల్సి వచ్చింది. మధ్యలో బోర్డు ఉబ్బింది, జబ్బు మనిషి కడుపులా. కుర్చీ ఒకటి అడ్డం పెట్టాను.

మూడో వారంలో సీమంతం. బాబాయి పెద్ద గాజుల పెట్టె పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చాడు. వచ్చీ రాగానే ఆయన చూపు గోడ మీదకే పోయింది. దగ్గరికెళ్ళి అరచేత్తో తడిమాడు. తన మేకుల మీద నుంచి చెయ్యి జరుపుకుంటూ నా స్క్రూల దగ్గరికి వచ్చి ఆగాడు. పెయింటు కింద స్క్రూ తలలు వరసగా మొటిమల్లా లేచి ఉన్నాయి. నావైపు తిరిగేలోపు నా భార్య ఎదురొచ్చింది.

"థాంక్స్ మావయ్యగారూ! సోమవారం లీవ్ పెట్టుకుని మరీ వచ్చి ఫినిష్ చేశారట కదా. ఏడో నెల పడకముందే అయిపోయింది, మా అమ్మ ఎంత రిలీఫ్ అయిందో!"

బాబాయి ఒక్క క్షణం ఆమె ముఖం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఆఁ... అవునమ్మా," అన్నాడు.

గాజులు తొడిగే వేళకు పసుపు కుంకుమల పళ్ళెం కోసం ఇద్దరు ఆంటీలు ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేశారు. అంతే, ఇక రాలేదు. లోపలి నుంచి తలుపు లాగుతున్నారు, బాదుతున్నారు. బయట నలభై మంది. ముత్తయిదువులు పాట ఆపేశారు. ముగ్గురు మగాళ్ళం భుజాలతో తోస్తే తలుపు కీచుమని తెరుచుకుంది, దాని పైనున్న బోర్డు ఒకటి మధ్యకు పగిలింది. పెచ్చులు పళ్ళెంలో పడ్డాయి. అందరూ నవ్వారు. "ఎవడండీ బాబూ ఈ విశ్వకర్మ?" అన్నాడెవరో.

భాయ్ నవ్వలేదు. లేచి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. ముందు బాబాయి కట్టిన వైపు చూశాడు. తర్వాత ఈ వైపు చూశాడు. పగిలిన చోట వేలు పెట్టి లోపలి కర్రను తట్టాడు. నేను చెప్పిన మేస్త్రీ ఈయనేనని రాగానే చూపించి ఉన్నాను. పక్కన నిలబడ్డ బాబాయిని అడిగాడు.

"గిదంత మీరే చేసిండ్రా?"

బాబాయి నావైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా లడ్డూల పళ్ళెంకేసి చూస్తూ నిలబడ్డాను. నిజం నా నాలుక చివరే ఉంది. చెబితే, గురువారం నేను పని చేశానని నా భార్యకు తెలుస్తుంది. ఆమె భయపడుతుంది. అత్తగారు ఏడుస్తారు. ఇవన్నీ నిజమే. కాని నా నోరు మూయించింది అవి కావు. నలభై మంది ముందు ఆ విశ్వకర్మ నేనేనని ఒప్పుకోవాలి, అదీ భయం. ఇన్నేళ్ళలో ఆ తేడా నేనెవరికీ చెప్పలేదు.

భాయ్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. బాబాయి నా భార్య కూర్చున్న కుర్చీవైపు ఒకసారి చూశాడు.

"అవునండీ," అన్నాడు. "మొత్తం నాదే."

భాయ్ తల ఊపి, భోజనం చేయకుండానే, ఏదో పనుందని వెళ్ళిపోయాడు. బాబాయి మాత్రం ఉన్నాడు. అందరూ వెళ్ళాక తలుపు ఊడదీసి పక్కన పెట్టి, ఆ ఖాళీకి మా అత్తగారి నేతచీర అడ్డంగా కట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లిఫ్టు దగ్గర నేనేదో నసుగుతుంటే భుజం మీద తట్టాడు.

"పిల్ల భయపడకూడదురా ఇప్పుడు. నాదేముంది."

నెల తిరక్కుండానే పర్మిట్ అయిపోయి ఆయన వెళ్ళిపోయాడు. విమానాశ్రయానికి నేను వెళ్ళలేదు. ఆఫీసులో పనుందన్నాను. ఊళ్ళో ఆయనకు పని దొరకలేదు. కొన్నాళ్ళకు ఒక ఫర్నిచర్ షాపులో, ఎక్కడో తయారై వచ్చిన బీరువాలకు కాళ్ళు బిగించే ఉద్యోగంలో చేరాడు.

మాకు ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, ఏ లోపమూ లేకుండా. అప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నేను భాయ్ ఆఫీసుకు వెళ్ళి అన్నీ చెప్పాను. కర్రలు, స్క్రూలు, గురువారం, అబద్ధం. ఆయన టీ తాగుతూ చివరిదాకా విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆ దినమే తెల్సు," అన్నాడు. "ఒకవైపు పనోడి చెయ్యి, ఒకవైపు బేవకూఫ్ చెయ్యి. ఇరవై ఏండ్ల సంది చెక్క చూస్తున్న, ఆమాత్రం తెల్వదా? మీరు నోరు తెరుస్తరేమోనని గోడ ముంగట నిలబడ్డ. ఆయనన్న నాది కాదంటడేమోనని చూసిన. పని బంగారం. కాని తనది కాని తప్పును తనదని నా ముఖం మీద చెప్పేటోణ్ణి రేపు సైటు మీద ఎట్ల నమ్మాలె? ఎవని తప్పు ఎవడు మోస్తుండో నాకు ఎట్ల తెలుస్తది?"

ఇప్పుడు పిలిపించగలరా అని అడిగాను. ఆ పనికి మనిషి వచ్చి నెల దాటిందన్నాడు.

అంటే బాబాయికి రావాల్సిన ఉద్యోగం పోయింది నా గోడ వల్ల కాదు, నా కోసం ఆడిన ఒక్క మాట వల్ల. ఆయనకు అది తెలియదు. పండక్కో పబ్బానికో నేను ఫోన్ చేసినప్పుడు ఆయనే నన్ను ఓదారుస్తాడు, ఆ కర్రలు అంత దరిద్రంగా ఉన్నాయి, ఎవరు మాత్రం ఏం చేస్తారు, పోనీలే ఆ పూట నీ సంసారం గట్టెక్కింది కదా అంటాడు. నేను అవును బాబాయ్ అంటాను.